మెషీన్‌మాన్ నిద్ర, చిట్టి గొంతు

మా పక్కవాటాలో చాలాకాలం గిన్నెలు కూడా నోరెత్తేవి కావు. నాకు ఉన్నదానికి రెండు కలిపి చెప్పే అలవాటుందని మా వాళ్ళందరూ అంటారు, ఒప్పుకుంటాను, కానీ ఇందులో కలిపిందేమీ లేదు. వాళ్ళ కుళాయి మూతికి ఒక గుడ్డపీలిక వేలాడుతూ ఉండేది. నీళ్ళు దాన్ని పట్టుకుని బకెట్లోకి మెల్లిగా జారేవి తప్ప దబదబా పడేవి కావు. పొయ్యి పక్కన నాలుగు మడతలు వేసిన గోనెపట్టా, గిన్నె ఏదైనా దాని మీదే దిగాలి. కుక్కరు అటకెక్కింది, దానికి ఈల వేసే దుర్గుణం ఉంది కదా మరి. కాలింగ్ బెల్లు తీగ పీకేసి, గుమ్మం పక్క కిటికీలోంచి ఒక తాడు వదిలారు. వచ్చినవాళ్ళు ఆ తాడు లాగితే వంటింట్లో ఒక ఎర్రగుడ్డ ఊగేది. కోడలుపిల్ల అది చూసి వచ్చి తలుపు తీసేది. మడతబందులకి వారం వారం నూనె పెట్టేవాళ్ళు కాబట్టి ఆ తలుపూ కిక్కురుమనేది కాదు.

ఇంత కట్టుదిట్టం ఎవరికోసమంటే, లోపలిగదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని పట్టపగలు పడుకునే మనిషి కోసం. ఆయన దినపత్రిక అచ్చేసే ప్రెస్సులో మెషీన్‌మాన్. ఊరంతా పడుకున్నాక ఆయన పని మొదలవుతుంది. పాలవాడు వచ్చే వేళకి చేతుల నిండా సిరా మరకలతో ఇంటికొస్తాడు, స్నానం చేసి, ఇంత తిని, పడుకుంటాడు. మా వీధిలో అందరూ ఆయన్ని మెషీనాయన అంటారు. ఆయన నన్ను పిన్నిగారూ అంటాడు. చాలా నెమ్మదస్తుడు. ఇంట్లో ఆయన మాట పక్కమనిషికి వినబడితే గొప్ప.

మీసాలు మొలుస్తున్న వయసులో తండ్రి పోతే, కాగితం రీళ్ళు దొర్లించే పనిలో చేరాడట. తర్వాత సిరా పోసే పని, ఆ తర్వాత మెషీను. చేరిన కొత్తలో పగలు నిద్ర పట్టేది కాదు. వీధిలో కూరలబండి అరుపులు, పైవాళ్ళ రోలు, పక్కవాళ్ళ రేడియో. ఒకసారి పని మధ్యలో కళ్ళు తిరిగి మెషీను మీదకి తూలబోతే, అక్కడి మేస్త్రీ కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ సంగతి విన్న తల్లి ఆ రోజే శాసనం చేసింది, ఇకనుంచి మన ఇంట్లో పగలే రాత్రి అని. ఆ మహాతల్లిని మేం పెద్దావిడ అంటాం. మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేట్టుంటుంది, మాటకి మాత్రం తిరుగులేదు. కోడలు కాపురానికొచ్చిన రోజునే చెప్పేసిందట, అమ్మాయీ, ఈ ఇంట్లో అన్నీ నీ ఇష్టం, చప్పుడు తప్ప అని.

ఆ కోడలు పెళ్ళికి ముందు టైలరు. రవికలు, గౌన్లు, పరదాలు ఏవైనా కుట్టేది. తన కుట్టుమిషను తనతోనే తెచ్చుకుంది. అత్తగారు దాన్ని చూసి ఏమీ అనలేదు, మీద ఒక దుప్పటి కప్పింది. ఆ దుప్పటి మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పేర్చడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి అది మిషనన్న సంగతి అందరూ మరిచిపోయారు, ఆ పిల్ల తప్ప.

ఇలాంటి ఇంట్లో చిట్టి పుట్టింది. పుట్టిన పిల్ల ఏడవకుండా ఉంటుందా. అది క్యారుమనగానే తల్లో మామ్మో దాన్ని గుండెకి అదుముకుని మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మా హాలు ఆ పిల్ల ఏడుపులగది అయిపోయింది. నాకేం అభ్యంతరం లేదు, జీవితమంతా పిల్లల గోల మధ్య పాఠాలు చెప్పినదాన్ని, ఇల్లు చప్పగా ఉంటే నాకే తోచదు. కానీ మొక్కప్పుడు ఎటు వంచితే అటే కదా. నడక వచ్చేసరికి చిట్టికి ఇంటి చట్టం వంటబట్టింది. అడుగులు పిల్లి అడుగులు. మాటలు వచ్చాయి, అన్నీ గుసగుసలే. గుసగుస కూడా బరువైపోతే సైగలు. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుంటే నాన్న పడుకున్నాడని, చెవి లాగితే ఎవరో వచ్చారని, పొట్ట తడితే ఆకలని, చిటికెనవేలు పైకెత్తితే ఒకటికని. టీవీలో బొమ్మల సినిమాలు సౌండు తీసేసి చూసేది. ఎలుగుబంటి ఏమందో, కుందేలు ఏమందో తనే కల్పించుకుని నా చెవిలో ఊదేది. నేను దానికి గుసగుసమ్మ అని పేరు పెట్టాను. ఆ పేరుకి అది మూతి మూసుకుని నవ్వేది.

దాన్ని బడికి పంపే వయసొచ్చింది. మా వీధి చివర, నీలం గేటున్న ఇంట్లో ఒక నర్సరీ ఉంది. దాన్ని నడిపే మేడమ్ మంచి మనిషే, కాస్త కంగారు ఎక్కువ. బడి తెరిచే ముందు పిల్లలకి ఏమేం నేర్పి పంపాలో తల్లులందరికీ చెప్పిందట. బూట్లు తనే వేసుకోవాలి, తన డబ్బా తనే తెరుచుకోవాలి, పేరు పిలిస్తే పలకాలి, ఏదైనా కావలిస్తే అడగాలి. చేర్చుకునే ముందు ఒక పూట అందరినీ రమ్మని చూస్తుందట, పిల్లలు ఇమడగలరా లేదా అని.

కోడలుపిల్ల ఆ మాటలన్నీ మనసులో పెట్టుకుని వంటింట్లో బడి పెట్టేసింది. మెషీనాయన పడుకోగానే గంట కొట్టే బదులు చెయ్యి ఊపేది. విద్యార్థులు ముగ్గురు: చిట్టి, ఒక చెవి ఊడిన గుడ్డ ఏనుగు, పెద్దావిడ. హాజరు పిలిచేది. ఏనుగు తరఫున చిట్టి పలికేది. పెద్దావిడ ఒకసారి కునికిపాట్లు పడి పలక్కపోతే గోడవైపు నిలబెట్టారట. చిట్టి పేరు రాగానే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఉన్నాను మేడమ్ అనేది. బూట్ల పట్టీలు లాగితే చర్రుమంటున్నాయని ఆ పాఠం మేడ మీదకి మార్చారు. డబ్బా మూత టప్పుమంటోందని, ఒళ్ళో పెట్టుకుని గౌను మడతలో తెరవడం నేర్పారు. జిప్పు సంచీ కొన్నవాళ్ళు అది కూడా గీమంటోందని వెనక్కిచ్చి గుండీల సంచీ తెచ్చారు. నేను మా పెరటి కిటికీలోంచి ఈ బడి చూసి పొంగిపోయాను. నా ఉద్యోగంలో అంత క్రమశిక్షణ గల తరగతి నాకెప్పుడూ దొరకలేదు.

ఆ హాజరూ, ఆ పలకడమూ, మంచినీళ్ళు కావాలి మేడమ్ అనడమూ, అన్నీ గుసగుసల్లోనే జరుగుతున్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. చేపకి నీళ్ళు కనబడతాయా.

చూసే పూట రానే వచ్చింది. చిట్టి గుండీల సంచీ తగిలించుకుని, ఏడవకుండా, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. మిగతా తల్లులు గేటు దగ్గర పిల్లల్ని కాళ్ళ మీంచి పీక్కుంటుంటే మా కోడలుపిల్ల గర్వంగా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం తీసుకురావడానికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పటికి ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. సరాసరి మా ఇంటికొచ్చింది. నేను మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక జరిగింది చెప్పింది.

పేరు పిలిస్తే చిట్టి లేచి నిలబడి పెదాలు కదిపిందట. మేడమ్‌కి వినబడలేదు. మళ్ళీ పిలిచింది, మళ్ళీ పెదాలు కదిలాయి. పక్కన కూర్చున్న పిల్లకి ఇదేదో కొత్త ఆటలా తోచి తన పేరొచ్చినప్పుడు అదీ గుసగుసలాడింది. ఆ తర్వాత వరసంతా అంతే. ఆయా భయపడి పిల్లలందరి గొంతులకీ ఏదో పట్టుకుందనుకుందట. తినేవేళ చిట్టి డబ్బాని గౌనులో దాచుకుని తెరుస్తుంటే, ఎవరి డబ్బా తీశావే అని ఆ ఆయాయే గదిమింది. అవన్నీ సరే. ఎప్పుడో మధ్యలో చిట్టి చిటికెనవేలు పైకెత్తి నిలబడింది. మేడమ్ బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తోంది. ఆయా ఎవరి ముక్కో తుడుస్తోంది. చిట్టి అలా వేలెత్తుకునే ఉంది. తల్లి వచ్చేదాకా కాళ్ళు మెలేసుకుని బిగబట్టుకుని నిలబడింది, అంతేగాని నోరు తెరవలేదు. తల్లిని చూడగానే కళ్ళల్లో నీళ్ళు మాత్రం గిర్రున తిరిగాయట.

అప్పుడు మేడమ్ కోడలుపిల్లని పక్కకి పిలిచింది.

"పిల్ల బంగారమమ్మా, ఆ విషయంలో ఒక్క మాట అనను. కానీ మా బాత్రూం తలుపు ఒక్కోసారి బిగుసుకుపోతుంది. లోపలున్న పిల్ల కేక వేస్తేనే మాకు తెలిసేది. ఈ పిల్ల కేక వెయ్యదు. నాకు భయమేస్తోంది."

"దానికి మాటలన్నీ వచ్చండి. చెవి దగ్గర పెట్టి వినండి."

"ప్రతిసారీ చెవి దగ్గర పెట్టగలనా, నువ్వే చెప్పు."

సోమవారం మళ్ళీ తీసుకురమ్మందట. బాత్రూంలో తలుపు వేసుకుని పిలిస్తే తరగతిలో ఉన్న తనకి వినబడాలి. వినబడితే చేర్చుకుంటుంది, లేకపోతే వచ్చే ఏడాది చూద్దాం అంది. ఈలోపు ఎవరైనా గొంతు డాక్టరుకి చూపించమని కూడా అంది. ఆ ఆఖరి మాట దగ్గర కోడలుపిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు కూడా చప్పుడు లేకుండా ఏడవడం అలవాటైపోయింది పాపం. మా ఇంట్లో గట్టిగా ఏడవచ్చమ్మా అన్నాను. ఏడవలేకపోయింది.

సాయంత్రం మెషీనాయన లేచాక విషయం తెలిసింది. ఒకే ఒక్క మాటన్నాడట.

"అయితే నా నిద్రే దాని గొంతు మింగేసిందన్నమాట."

పని మానేస్తానన్నాడు. పెద్దావిడ కొడుకు నోటి మీద చెయ్యి పెట్టేసింది. ముందు దానికి అరవడం నేర్పుదాం, అదేమన్నా బ్రహ్మవిద్యా అంది. అక్కడ మొదలైందండీ అసలు తమాషా. పెద్దావిడ చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గట్టిగా అరువు తల్లీ అంది. ఆ అన్నది గుసగుసగా అంది. చిట్టి ఊపిరి బలంగా పీల్చుకుని ఇంకాస్త పెద్ద గుసగుసతో, ఇలాగా అని అడిగింది. కోడలుపిల్ల, అలా కాదమ్మా, ఇంకా పెద్దగా, అంది, అదీ గుసగుసే. ముగ్గురూ చక్రంలా కూర్చుని పొయ్యి ఊదుతున్నట్టు ఒకళ్ళ మీద ఒకళ్ళు గాలి ఊదుకుంటున్నారు.

నేను రంగంలోకి దిగాను. నా గొంతు సంగతి ఈ వీధికంతా తెలుసు. మా బడిలో నేను ఎక్కం చెబితే పక్క తరగతులవాళ్ళు కూడా అప్పజెప్పేవాళ్ళు. అందుకే పగలు వాళ్ళింటికి నాకు ప్రవేశం లేదు. చిట్టిని మా పెరట్లోకి తీసుకెళ్ళి, చూడు, ఇలా అని ఒక్క కేక పెట్టాను. పిట్టగోడ మీది కాకులు లేచిపోయాయి. చిట్టి ఎగిరి నా ఒళ్ళో పడి రెండు చేతులతో నా నోరు మూసేసింది. తప్పు చేస్తున్నది నేనైతే భయం దానికి.

మర్నాడు తండ్రి మేడ మీదకి తీసుకెళ్ళాడు. ఇక్కడ ఎవరూ లేరు, ఎవరూ పడుకోలేదు, నాన్నా అని పిలువు అన్నాడు. చిట్టి వేలితో కిందకి చూపించి చెవిలో చెప్పింది.

"కింద నువ్వు పడుకున్నావుగా."

"నేనిక్కడే ఉన్నాను కదే."

చిట్టి ఆలోచించింది. "మళ్ళీ పడుకుంటావుగా."

ఈ మాట మెషీనాయన నాకు చెబుతూ నవ్వాలనే ప్రయత్నించాడు. కానీ నవ్వు మధ్యలో తెగిపోయింది. పెళ్ళాం తిట్టినా, అమ్మ తిట్టినా భరించొచ్చు పిన్నిగారూ, ఇది తిట్టు కూడా కాదు కదా అన్నాడు.

ఆయనకే ఉపాయం తోచింది. ప్రెస్సులో మెషీనుకి కొత్త రోలరు వేశారు. ఆదివారం మధ్యాహ్నం దాన్ని ఊరికే నడిపి చూస్తారు. ఆ హోరులో గుసగుసలు చెల్లవు, పిలవాలంటే గొంతు రావాల్సిందే. మేస్త్రీని అడిగితే, తీసుకురారా, మన మెషీను ముందు మూగవాడైనా తిట్లు నేర్చుకుంటాడు అన్నాడట. అలా ఆదివారం అందరం బయల్దేరాం. నీకక్కడ ఏం పని అంటారా, రిటైరైనవాళ్ళకి పక్కింటి పని కంటే పెద్ద పనేముంది.

ప్రెస్సు ఒక పొడుగాటి రేకులషెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే సిరావాసన, కిరసనాయిలు వాసన. నేల జిగురుజిగురుగా ఉండి మా చెప్పులు అడుగడుక్కీ చిటుక్కు చిటుక్కుమన్నాయి. చిట్టి ఆ చప్పుడుకే కంగారుపడి మునివేళ్ళ మీద నడిచింది. గోడవారగా మనిషెత్తు కాగితం చుట్టలు. మధ్యలో మెషీను, రెండు రైలుపెట్టెలు పక్కపక్కన నిలబెట్టినట్టుంది. దాని చుట్టూ నేల మీద పసుపు గీత. పనివాళ్ళు తప్ప ఎవరూ ఆ గీత దాటకూడదని మేస్త్రీ మాకు ముందే చెప్పాడు, చిట్టికి వంగి మరీ చెప్పాడు.

గంట మోగింది. మెషీను మెల్లిగా కదిలింది, తర్వాత వేగం అందుకుంది, తర్వాత ఇక చప్పుడని చెప్పడానికి లేదు, అది గోడ. మోకాళ్ళలోకి ఎక్కింది. పెద్దావిడ చెవులు మూసుకుంది. చిట్టి ఒక్కక్షణం తండ్రి కాలికి కరుచుకుపోయింది. అంతలో మెషీనాయన అవతలివైపు మనిషిని చూసి, "ఎడమ పక్క ఇంకు తగ్గించు" అని కేక పెట్టాడు. ఆ కేక హోరుని చీల్చుకుని అటు చివరికి పోయింది. చిట్టి ఎవరన్నారా అని చుట్టూ చూసింది. తర్వాత తలెత్తి తండ్రి నోటికేసి చూసింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న గట్టి గొంతు వినడం అదే మొదలు.

కానీ ఉపాయం బెడిసికొట్టింది. చిట్టి పొట్ట తట్టుకుంది. తండ్రి అలవాటుగా వేళ్ళు ఆడించి, ఇంటికెళ్ళాక అన్నాడు. అది ఏదో అడిగింది, ఆయన ఏదో చెప్పాడు, అంతా చేతులతోనే. చుట్టుపక్కల చూస్తే పనివాళ్ళందరూ సైగలే. మెషీను ముందు బతికేవాళ్ళకి అదే భాష. చిట్టికి పుట్టింటికొచ్చినట్టుంది. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

అప్పుడు కోడలుపిల్ల మొగుడి దగ్గరికెళ్ళింది. ఆ పిల్ల గట్టిగా మాట్లాడడం నేనూ ఎప్పుడూ వినలేదు. ఆయన చెవిలో అరిచింది, అయినా మాక్కూడా వినబడింది.

"మీరు అటు తిరగండి. దాన్ని చూడకండి."

ఆయన పెళ్ళాం మొహంలోకి చూశాడు. తర్వాత పసుపు గీత దాటి లోపలికెళ్ళి, మెషీను కటకటాలు పట్టుకుని, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

చిట్టి గీత దాకా పరుగెత్తి ఆగిపోయింది. పాదం గీత మీద పెట్టి, మేస్త్రీని చూసి, వెనక్కి తీసేసుకుంది. చేతులు ఊపింది. వీపు చూడదు కదా. కాసేపటికి చిటికెనవేలు పైకెత్తింది. తల్లి వైపు తిరిగి చూపించింది, తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. మామ్మకి చూపించింది, పెద్దావిడ నేల చూపులు చూస్తోంది. నాకు చూపించింది. నేను పైన రేకులు చూస్తూ నిలబడ్డాను. ఆ రేకులకి ఎక్కడెక్కడ తుప్పు పట్టిందో ఇప్పటికీ చెప్పగలను.

మెషీనాయన మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. కటకటాలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఎన్ని రీళ్ళు దొర్లించినా పడనంత బరువు ఆ కాసేపు పడిందని తర్వాత అన్నాడు.

చిట్టి కాళ్ళు మెలేసుకుంది. బడిలో నిలబడ్డట్టే. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది.

"నాన్నా."

అది బొంగురుగా, ఎన్నాళ్ళో తియ్యని తలుపు తీసినట్టు వచ్చింది. ఆయన కదల్లేదు. వినబడిందో లేదో. ఈసారి చిట్టి రెండు పిడికిళ్ళూ బిగించి, ఒళ్ళంతా ముందుకు వంచి అరిచింది.

"నాన్నా, ఒకటికొస్తోంది. వచ్చేస్తోంది. ఇప్పుడే."

మేస్త్రీ కంగారులో ఏం చేస్తున్నాడో తెలియక మెషీను ఆపేశాడు. ఆ 'ఇప్పుడే' అన్నది షెడ్డంతా ఖంగుమని మోగింది. పనివాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మెషీనాయన గీత మీంచి ఒక్క గెంతు గెంతి, పిల్లని చంకనేసుకుని బాత్రూంకేసి పరుగెత్తాడు. అందింది, అందలేదు అన్నట్టు అందింది. ఆ గౌను సంగతి ఇక అడక్కండి.

తర్వాత టీలు తెప్పించారు. మెషీను మళ్ళీ నడిపారు. మా పనైపోయింది గనుక గోడవారగా కూర్చున్నాం. మెషీనాయన ఆ పగలంతా పడుకోలేదు కదా, ఒక కాగితం చుట్టకి వీపు ఆనించాడు. అంతే, ఇట్టే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని గురక కూడాను, హోరులో వినబడలేదుగానీ పొట్ట చూస్తే తెలుస్తోంది. చిట్టి అది చూసి ఉలిక్కిపడి లేచింది. మునివేళ్ళ మీద ఒక్కొక్క పనివాడి దగ్గరికీ వెళ్ళి, రెండు చేతులూ చెంప కింద పెట్టి చూపించి, పెదాల మీద వేలుంచింది. ఆఖరికి మెషీను ముందు నిలబడి దానికి కూడా వేలు చూపించింది.

మేస్త్రీ మమ్మల్ని బయటి వసారాలోకి పిలిచి, నవ్వు ఆపుకోలేక, ఏమిటమ్మా ఈ పిల్ల అని అడిగాడు. కోడలుపిల్ల ఇంటి సంగతంతా చెప్పింది. కుళాయి పీలిక, గోనెపట్టా, ఎర్రగుడ్డ. వింటున్నకొద్దీ ఆయన నవ్వు తగ్గిపోయింది.

"చేరిన కొత్తలో సంగతి వేరు, ఇప్పుడు వాడికి చప్పుడేం చేస్తుందమ్మా. టీ వేళ దొరికితే చాలు, రోజూ అక్కడే పడుకుంటాడు. మెషీను తిరిగినంతసేపూ పక్కన ఏనుగు ఘీంకరించినా లేవడు. మెషీను ఆగిందా, ఠక్కున కూర్చుంటాడు. ఆగిందంటే కాగితం తెగినట్టే కదా మాకు. మా అందరి చెవులూ అంతే."

కోడలుపిల్ల అత్తగారికేసి తిరిగింది. "అత్తయ్యా, చెంచా పడితే లేచేవారు కదా. మరి అదేమిటి?"

వాడు ఎప్పుడూ చెప్పలేదే అంది పెద్దావిడ. ఎప్పుడడిగాం, నిద్రలేపి అడగాలి కదా అంది కోడలు. అందులో ఎత్తిపొడుపు ఉంది, లేదనను. కానీ పెద్దావిడ మొహం చూసి ఆ పిల్లే చప్పున ఆగిపోయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అంతా ఊరుకున్న ఇంట్లో చెంచా పడితే ఎవరైనా లేస్తారు. ఊరుకోబెట్టిందెవరు, ఆయన కళ్ళు తిరిగి పడబోయాడని విన్న ఒక తల్లి. అందులో తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు. ఇంటికెళ్ళగానే పెద్దావిడే స్టూలు వేసుకుని కుళాయికున్న పీలిక విప్పింది. నీళ్ళు దబదబా పడుతుంటే అక్కడే నిలబడి కాసేపు చూసిందట.

సోమవారం చిట్టి నీలంగేటు బడి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మేడమ్ తరగతిలో కుర్చీలో కూర్చుంది. లోపలినుంచి, మేడమ్, తలుపు తియ్యండి అని ఒక్క కేక వచ్చింది. మేడమ్ గుండె మీద చెయ్యేసుకుని లేచి పరుగెత్తి, చాలు తల్లీ, చాలు, చేర్చేసుకున్నాను అందట. ఆ కేక నాకు మా వరండాలో వినబడింది. మెషీనాయనకి గేటు అవతల గోడ పక్కన వినబడింది. ఆయన పని నుంచి వచ్చి పడుకోకుండా అక్కడ నిలబడ్డాడని నాకు తర్వాత తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. మర్నాటినుంచి కొత్త తంటా. చిట్టి బడికెళ్ళిపోతే ఆ ఇల్లు నిజంగానే నిశ్శబ్దమైపోయింది. పీలిక విప్పినా కుళాయి ఎంతసేపని తిప్పుతారు. మెషీనాయన మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు, లేచి కూర్చుంటున్నాడు, చిట్టి ఏదీ అంటున్నాడు. ఇన్నేళ్ళూ నిద్ర కాచినవాళ్ళకి ఇప్పుడేం చెయ్యాలో తోచలేదు.

ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను, ఇప్పుడు నాకు పగలు కూడా ప్రవేశం ఉంది. ఎర్రగుడ్డ తాడు లాగబోతే లోపలినుంచి టకటకటక అని వినబడింది. పెద్దావిడ తలుపు తీసింది. మడతబట్టలు మంచం మీదకి చేరాయి. దుప్పటి లేదు. కోడలుపిల్ల కుట్టుమిషను తొక్కుతోంది, మోకాళ్ళ మీద చిట్టి గౌను, ప్రెస్సులో తడిసిందే, అంచు ఊడితే కుడుతోంది. లోపలిగదిలో మెషీనాయన వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని, కుంభకర్ణుడికి తమ్ముడిలా ఉన్నాడు. నేను అలవాటుగా గొంతు తగ్గించి ఎలా ఉన్నావమ్మా అన్నాను. గట్టిగా అడగండి పిన్నిగారూ, మిషను చప్పుడులో వినబడట్లేదు అంది.

అంతలో మిషను ఆగింది. లోపలినుంచి మంచం కిర్రుమంది.

"ఏమే, ఎందుకాపావు?"

"దారం తెగిందండీ. పడుకోండి, ఎక్కిస్తున్నాను" అని ఇటునుంచి ఇల్లంతా వినబడేలా చెప్పింది కోడలుపిల్ల.